శుక్రవారం తెల్లచీర

దోహాలోని అల్ ముంతజాలో పెద్దన్న అంత నెమ్మదిగా బండి నడిపే డ్రైవరు మరొకడు లేడు. రౌండెబౌట్ దగ్గర ఆగాడంటే వెనకాల హారన్ల సంత మొదలయ్యేది. "నీ ఎనకాల పడితే జుమ్మా నమాజు తప్పిపోతాదన్నా" అని నాగూర్ ఎగతాళి చేసేవాడు. నాగూర్ పక్క విల్లాలో డ్రైవరు, రాయచోటి మనిషి. అతని భార్య హసీనా అదే విల్లాలో వంట చేసేది. పెద్దన్న నవ్వి ఊరుకునేవాడు. తనకు అప్పజెప్పిన మనుషులను క్షేమంగా ఇంటికి చేర్చడమే డ్యూటీ అని, తొందర అందులో లేదని అతని లెక్క.

యాభై దాటిన మనిషి. నల్లగా, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో ఎప్పుడూ పెళ్ళికి బయలుదేరినట్టుండేవాడు. భార్య అంకాలమ్మ కూడా దోహాలోనే, అతను పనిచేసే ఇంట్లోనే వంటమనిషి. మొగుడూ పెళ్ళాం ఒకే చోట పని దొరకడం గల్ఫులో అందరికీ రాసిపెట్టి ఉండదు. విల్లా వెనక, వాటర్ ట్యాంకు పక్కన, ఒక గది వాళ్ళది. ఒక్కగానొక్క కూతురికి పెళ్ళిచేసి ప్రొద్దుటూరు పంపేశారు. ఇక మిగిలింది ఇద్దరే, ఒకరి మాట ఒకరు వింటూ, వినకుండా.

పెద్దన్నది రాజంపేట అవతల ఒక పల్లె. ఊరు కాదు, ఊరి పక్కనున్న మాలపల్లె. తాతల కాలంలో అక్కడికి గుర్రం మీద ఒక పాదిరి దొర వచ్చాడట, ఇంగ్లండు మనిషి. ఆయన చెప్పిన దేవుడి సంగతి పల్లెకు మొదట ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమయింది వేరే. ఒక ఆదివారం ఆయన వెండి గిన్నెలో ద్రాక్షరసం పోసి, పల్లెలో అందరికన్నా ముసలివాడి నోటికి అందించి, అదే గిన్నెను తిప్పి తన నోటికి పెట్టుకున్నాడు. ఊరి బావి దగ్గర దోసిలి పట్టి నిలబడితే ఎవరో దయతలచి పైనుంచి నీళ్ళు పోసే రోజులవి. మాలవాడి ఎంగిలి తాగిన తెల్లదొరను చూసి పల్లె పల్లెంతా బాప్తిస్మం పుచ్చుకుంది. చదువుకున్నవాళ్ళు దీనికి వెయ్యి కారణాలు చెబుతారు. పల్లె మాత్రం ఆ ఒక్క గుక్క గురించే చెప్పుకుంటుంది.

ఆ రొట్టె, ఆ రసం పుచ్చుకోవడాన్ని అక్కడ బల్ల అంటారు. అంకాలమ్మ ఆ మతంలో పుట్టలేదు. పక్క ఊరి అమ్మవారి పేరు పెట్టుకుని పుట్టింది, పెళ్ళినాడు బాప్తిస్మం తీసుకుంది. కొత్తగా వచ్చినవాళ్ళకే పట్టుదల ఎక్కువంటారు కదా, ఆమె కథా అంతే. నెలలో మొదటి ఆదివారం తలస్నానం చేసి, తెల్లచీర కట్టి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా చర్చికి, వాళ్ళ మాటలో గుడికి, పోయేది. బల్ల తీసుకున్నాకే గొంతులోకి ఏదైనా. మొట్టమొదటిసారి ఆ గిన్నె ఆమె దగ్గరికి వచ్చినప్పుడు, ఆమె తర్వాత అదే గిన్నెలో తాగినవాడు రెడ్డి కులంలోంచి వచ్చిన పాస్టరుగారు. ఆ రోజు ఇంటికొచ్చి మొగుడితో ఒకటే మాట అంది. "ఆయన మూతి గూడా తుడుసుకోలేదయ్యా."

ఖతర్‌లో మొదట ఒక అరబ్బు ఇంట్లో పనిచేశారు ఇద్దరూ. మంచివాళ్ళే, అన్నానికి లోటు చేయలేదు. కానీ అప్పట్లో దోహాలో చర్చి అంటూ లేదు. మలయాళీలు ఉమ్ ఘువైలినాలో ఒక ఫ్లాటులో, ఫిలిప్పీనువాళ్ళు మరోచోట, కర్టెన్లు దించుకుని, గొంతు తగ్గించుకుని ప్రార్థనలు చేసుకునేవారు. అక్కడ వారం సెలవు శుక్రవారం, ఆ ప్రార్థనలూ ఆ రోజే. అరబ్బు ఇంట్లో అది విందుల రోజు, అంకాలమ్మకు సెలవు దొరికేది కాదు. ఏళ్ళకేళ్ళు బల్ల లేకుండా గడిచాయి. ఆ కరువు ఆమెను ఆకలికన్నా ఎక్కువ బాధ పెట్టింది.

అటువంటి సమయంలో ఆ ఇంటివాళ్ళు వేరే దేశానికి మారిపోతూ వీళ్ళిద్దరినీ వెంటర్ అనే ఇంజనీరుకు అప్పగించారు. దక్షిణాఫ్రికా నుంచి గ్యాసు కంపెనీ పనికి వచ్చిన తెల్లమనిషి. భార్యా భర్తా ఇద్దరే. హాల్లో గోడకు పెద్ద సిలువ, మేజామీద తోలు అట్ట బైబిలు, అన్నం ముందు ప్రార్థన. ప్రతి శుక్రవారం వాళ్ళలాంటి అయిదారు కుటుంబాలు ఆ ఇంట్లోనే కూడుకునేవి. దొరే వాక్యం చెప్పేవాడు, దొరే బల్ల ఇచ్చేవాడు.

చేరిన రోజు సాయంత్రం అంకాలమ్మ గది గడప మీద కూలబడి, "మన కరువు దీరిందయ్యా" అంది. పెద్దన్నకూ అలాగే అనిపించింది. తెల్లదొర, చేతిలో బైబిలు, నోట్లో ప్రార్థన. వాళ్ళ పల్లెలో పుట్టినవాడెవడైనా ఆ పొరపాటే చేస్తాడు. ఆ మూడూ ఒకచోట కనిపిస్తే నాలుగోది, ఆ వెండి గిన్నె, దానంతటదే వస్తుందని వాళ్ళ నమ్మకం.

దొర మంచి యజమాని. ఈ మాట పెద్దన్న చివరిదాకా మార్చలేదు. గొంతు పెంచడు, పాస్‌పోర్టు దాచుకోడు, ఎండలో నిలబెట్టడు. పెద్దన్న బాప్తిస్మం పేరు తెలుసుకుని 'పీటర్' అని పిలిచేవాడు. శుక్రవారం కూడికకు కావలసిన రొట్టె అంకాలమ్మే చేయాలని మేడమ్ చెప్పినప్పుడు ఆమెకు కాళ్ళు నేలమీద ఆనలేదు. పిండి జల్లెడ పట్టి, చేతులు మూడుసార్లు కడిగి, పెదవులు కదుపుతూ పిసికేది. కూడిక అయ్యాక చిన్న చిన్న గాజు కప్పులు కడిగేది కూడా ఆమే. అడుగున మిగిలిన రసం చుక్కలను మోరీలో పోయడానికి మనసొప్పక, తోటలో మల్లెచెట్టు మొదట్లో వంచేది. వాళ్ళ పల్లె గుడిలో అలాగే చేస్తారు.

ప్రతి శుక్రవారం ఆమె తెల్లచీర కట్టుకునేది. పొద్దుటినుంచి ఏమీ తినేది కాదు. వంటగది తలుపు పక్కన నెత్తిన కొంగేసుకుని నిలబడి, లోపలి పాటకు పెదవులు కలిపేది. పిలుపు రాలేదు. కొత్త మనుషులం కదా అనుకుంది. తర్వాత, మనకు ఇంగ్లీషు రాదు కదా అనుకుంది. ఆ తర్వాత ఏమనుకుందో చెప్పలేదు. చీర మాత్రం కట్టడం మానలేదు. మధ్యాహ్నం కప్పులన్నీ తుడిచి పెట్టాక గదికి వచ్చి అన్నం కలుపుకునేది.

"పిలుస్తారులే అంకీ, వాళ్ళకు గూడా ఒక పద్ధతి ఉంటాది గదా" అనేవాడు పెద్దన్న.

అప్పటికి అతనికి సంగతి సగం తెలిసింది. కారులో తెలిసింది.

దొరకు ఒక అమెరికా స్నేహితుడు ఉండేవాడు, డ్రిల్లింగు పని మీద వచ్చినవాడు. అతను క్యాసెట్లు తెచ్చి ఇచ్చేవాడు. దొర ఆఫీసుకు వెళుతూ వాటిని పెట్టించుకునేవాడు. ఎవరో పాస్టరు గంభీరమైన గొంతుతో మాట్లాడతాడు. పెద్దన్నకు ఇంగ్లీషు పూర్తిగా రాకపోయినా, చెవి ఏళ్ళ తరబడి నానింది. 'ఇశ్రాయేలు' అన్న మాట మాటిమాటికీ వినబడేది. దేవుడు ఏర్పరచుకున్న ప్రజ, దేవుని సొంత జనం. వాళ్ళ పల్లె పాటల్లో ఇశ్రాయేలు అంటే మనమే. పెద్దన్న స్టీరింగు పట్టుకుని మెల్లగా "ఆమెన్" అనుకునేవాడు. వెనక కూర్చున్న దొర ఒకటి రెండుసార్లు విచిత్రంగా చూశాడు.

రోజూ వింటుంటే పొట్టు పోయి గింజ కనిపించింది. ఆ పాస్టరు చెప్పే ఇశ్రాయేలు తెల్లవాళ్ళు. వాళ్ళొక్కరే. మిగతావాళ్ళను దేవుడు వేరే పనికి, వేరే రోజున, వేరే మట్టితో చేశాడట. కలవకూడదట. కలిస్తే అదే పాపమట, ఆదాము చేసినదానికన్నా పెద్దదట. ఒకరోజు అమెరికా ఆయన కూడా కారులో ఉన్నాడు. దొర తన దేశం గురించి మాట్లాడుతున్నాడు. అక్కడ ఎన్నికలు జరిగి నల్లవాళ్ళు గద్దె ఎక్కిన సంవత్సరమే తాను ఇల్లు అమ్ముకుని వచ్చేశానన్నాడు. "దేవుడు గీసిన గీతను మేమే చెరిపేశాం. అందుకే మా దేశం మా చేతిలోంచి పోయింది" అన్నాడు. కన్నబిడ్డను పోగొట్టుకున్నవాడిలా ఏడుపు ఆపుకున్నాడు.

పెద్దన్నకు అదే ఎక్కువ భయం వేసింది. ద్వేషించేవాణ్ణి చూస్తే జాగ్రత్తపడవచ్చు. ఈయన ద్వేషించడం లేదు. నమ్ముతున్నాడు. ఊళ్ళో పెదరెడ్డి కూడా అలాగే అనేవాడు, మిమ్మల్ని తక్కువ చేయాలని నాకేం లేదురా, శాస్త్రం అట్లుంది, అని. ఆ శాస్త్రం నుంచి పారిపోయి తాత ఈ పుస్తకం చాటుకు వచ్చాడు. ఇప్పుడు ఈ పుస్తకంలో కూడా అదే గీత చూపిస్తున్నాడు ఒకడు, వేలు పెట్టి, వచనం చదివి. పెద్దన్నకు ఆ రోజు ఎక్కడికీ పోవడానికి చోటు లేనట్టనిపించింది. ఆ తర్వాత క్యాసెట్టు నడుస్తున్నప్పుడు "ఆమెన్" అనడం మానేశాడు.

అంకాలమ్మకు చెప్పలేదు. చెప్పాలని ప్రతి గురువారం అనుకునేవాడు. ఆమె పిండి జల్లెడ పడుతూ కనిపించేది. ఆ మొహం చూసి మాట మింగేసేవాడు.

రెండో వేసవిలో ఆమెకు కడుపునొప్పి మొదలైంది. ముందు వేడి చేసిందన్నారు, తర్వాత అల్సరన్నారు. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ అయ్యేసరికి కాలేయం దాకా పాకిపోయిందని చెప్పారు. విమానం ఎక్కించే స్థితి కూడా కాదన్నారు. దొర తన పలుకుబడి ఉపయోగించి పెద్ద డాక్టరుకు చూపించాడు, మందులకు వెనకాడలేదు, గదిలో కొత్త ఏసీ పెట్టించాడు. మేడమ్ రోజూ సూపు చేసి తన చేత్తో తెచ్చేది. ఆ ఇంట్లో ఎవరూ రాతిగుండెవాళ్ళు కారు. అదే ఈ కథలో కష్టం.

జూలైలో ఒక ఉదయం అంకాలమ్మ మొగుణ్ణి దగ్గరకు పిలిచింది. ఒళ్ళంతా పసుపు పచ్చగా అయిపోయింది. మాట మాత్రం స్పష్టంగానే ఉంది.

"నాకు బల్ల గావాలయ్యా" అంది.

"మలయాళం పాస్టరు సెలవుకు పోయినాడంట. వచ్చేది వచ్చే నెల."

"నాకు ఆయనొద్దు. మన దొరే ఇయ్యాల. రెండేండ్లు ఆయన రొట్టె పిసికినా. ఒకసారి నాకు బెట్టమని అడుగు. చావబోయే మనిషి అడిగిందని చెప్పు."

"అడుగుతాలే."

"ఇప్పుడే పో. ఉపాసమే ఉండా నేను."

ఉపవాసం ఉండడానికి ఆమె తినేది ఏముంది కనుక. అయినా ఆ మాటకు పెద్దన్న చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, పెద్దింట్లోకి వెళ్ళాడు.

దొర ఆఫీసు గదిలో కాగితాలు చూసుకుంటున్నాడు. పెద్దన్న మొహం చూసి లేచి నిలబడ్డాడు, ఏదో అయిపోయిందేమోనని. సంగతి విన్నాక మళ్ళీ కూర్చున్నాడు. తలుపు వేయమన్నాడు. పెద్దన్నను ఎదురు కుర్చీలో కూర్చోమన్నాడు. ఆ ఇంట్లో అతను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

"నువ్వు నిజాయితీ ఉన్న మనిషివి పీటర్. నీకు అబద్ధం చెప్పలేను" అన్నాడు దొర. "దేవుడు జాతులను వేరువేరుగా చేశాడు. ఒక్కొక్క జాతికి ఒక హద్దు పెట్టాడు. బల్ల అంటే ఒక కుటుంబం కలిసి తినే తిండి. మాది ఒక కుటుంబం, మీది ఒక కుటుంబం. మీ వాళ్ళ బల్ల మీ వాళ్ళే ఇవ్వాలి. నేనిస్తే నా దేవుడి ఆజ్ఞ నేనే దాటినట్టు."

"ఆ రొట్టె ఆమె చేసిందే సార్."

"చేసింది. చాలా బాగా చేసేది." దొర కళ్ళు దించుకున్నాడు. "ఆమెను నేను తక్కువ చేయడం లేదు. ఆమె కోసం రోజూ ప్రార్థిస్తున్నాం. ఏ మందు కావాలన్నా అడుగు, ఎంతదైనా సరే."

"ఆమె మందు అడగలేదు సార్" అన్నాడు పెద్దన్న.

దొర ముందున్న కాగితాలను ఒద్దికగా పేర్చాడు. తర్వాత "క్షమించు" అన్నాడు. పెద్దన్న లేచి, కుర్చీని మళ్ళీ బల్ల కిందికి సర్ది, బయటికి వచ్చాడు. కోపం వచ్చిందా అంటే వచ్చింది. కానీ కోపం చేసుకోవడానికి కూడా కొంత సావకాశం కావాలి. గదిలో ఆమె ఎదురుచూస్తోంది.

వాటర్ ట్యాంకు నీడలో హసీనా నిలబడి ఉంది. అంకాలమ్మకు తల దువ్వి వెళదామని రోజూ వచ్చేది, ఆ రోజు సంగతి ఆమె నోటే విన్నది. పెద్దన్నను చూసి, "ఏమన్నాడన్నా?" అని అడిగింది.

"కుదర్దన్నాడు. వాళ్ళ దేవుడు ఒప్పుకోడంట."

"అక్కకు ఏం జెప్తావ్?"

పెద్దన్న గది తలుపు వైపు చూశాడు. హసీనా కాసేపు ఆలోచించి, "నువ్వే ఇయ్యన్నా" అంది.

"నేనియ్యగూడదు. పాస్టరు అయ్యగారు ఇయ్యాల. సంఘం పెద్దలు నెత్తిన చేతులుంచి పాస్టరును జేసిన మనిషి ఇస్తేనే అది బల్ల. నేనిస్తే ఉత్త రొట్టె."

"మా దాంట్లో మద్దెన ఎవురూ అక్కర్లేదు. మీ సంగతి నాకు తెల్దు. అక్క మాత్రం సాయంత్రం దాకా ఆగే మాదిరి లేదు" అంది హసీనా. పెద్దన్న మరేమీ అనకముందే ఆమె గేటు దాటింది. కాసేపటికి బేకరీ నుంచి వేడి ఖుబూస్ రొట్టె ఒకటి, ద్రాక్షరసం డబ్బా ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. ముస్లిం ఇంటి ఆడమనిషి ఇలాంటి పనికి చేయి వేయవచ్చా లేదా అని ఆమె ఎవరినీ అడగలేదు.

పెద్దన్న స్టీలు గ్లాసు బాగా తోమాడు. రసం పోశాడు. ఖుబూస్ చిన్న ముక్క తుంచి చిన్న పళ్ళెంలో పెట్టాడు. పాపమే చేస్తున్నానని అతనికి నమ్మకం. ఆ పాపం భార్య మీద పడకుండా తన మీదే రాయమని దేవుణ్ణి అడిగాడు. అంతకు మించి ప్రార్థన అతనికి రాలేదు.

ఈలోపు హసీనా లోపలికి వెళ్ళి, అంకాలమ్మ అడిగిందని, పెట్టెలోంచి తెల్లచీర తీసి ఆమె మీద కప్పింది. కొంగు నెత్తిమీదికి లాగింది. పెద్దన్న లోపలికి రాగానే అంకాలమ్మ అతని వెనకాల తలుపు వైపు చూసింది.

"దొర రాలా?"

"రాస్ లఫాన్ గ్యాసు ప్లాంటు నుంచి ఫోనొచ్చింది. అర్జంటని పోయినాడు. పోయే ముందు ప్రార్థన జేసి, నా చేతికిచ్చి పోయినాడు."

"ఏమన్నాడు?"

"మన అంకాలమ్మకు గాకపోతే ఎవురికిస్తాం, ముందే అడక్కపోతిరే, అన్నాడు."

ఆమె కళ్ళు చెమర్చాయి. గ్లాసు వైపు చూసింది. ఆ చూపులో ఏముందో పెద్దన్నకు అర్థమయింది. ఆమె అడగబోయేది కూడా అర్థమయింది.

"ఆయన తాగినాడా ఇందులో?"

"తాగినాడు" అన్నాడు పెద్దన్న. "ఇదే గ్లాసులో. సగం ఆయన తాగి సగం నీకుంచినాడు."

హసీనా గోడవైపు తిరిగింది. అంకాలమ్మ నోరు తెరిచింది. రొట్టె ముక్క మింగడానికి చాలాసేపు పట్టింది. రసం ఒక్క గుక్క లోపలికి పోయింది, మిగతాది గడ్డం మీదుగా చీర మీద పడింది. తుడవబోతే వద్దంది. రెండేళ్ళలో పెద్దన్న ఆమె మొహంలో చూడని నిమ్మళం అప్పుడు చూశాడు. పెళ్ళయిన కొత్తలో గుడి నుంచి వచ్చినప్పటి మొహం అది. ఒక మనిషికి అంత సంతోషం ఇచ్చిన అబద్ధాన్ని ఏమనాలో అతనికి తెలియలేదు.

కొంతసేపటికి ఆమె, "హసీనా, నా బిడ్డకు ఫోను జేసి చెప్పమ్మా, దొర ఎంగిలి గిన్నెలో బల్ల తీసుకుని పోయింది మీయమ్మ అని" అంది. తర్వాత మొగుడి చేయి పట్టుకుంది. "నేను పోయినాక ఆ దొరను ఇడిసి పెట్టొద్దయ్యా. అట్లాంటి మనిషి దొరకడు. ఆయన ఈడ ఉన్నన్నాళ్ళు నువ్వు ఆయన దగ్గరే ఉండాల. మాటియ్యి."

హసీనా పెద్దన్న వైపు చూసింది. నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. అతను భార్య చేతిలో చేయి వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం అంకాలమ్మ పోయింది. మేడమ్ వచ్చి మంచం దగ్గర ఏడ్చింది, తెల్ల పూలు తెచ్చి పాదాల దగ్గర పెట్టింది. దొర గుమ్మం బయట టోపీ తీసి నిలబడ్డాడు. శవపేటిక ఇంటికి పంపే ఏర్పాట్లన్నీ తానే దగ్గరుండి చేయించాడు. పెద్దన్నకు సెలవిచ్చి అదే విమానంలో పంపాడు.

అతను ఊరు చేరేసరికి మాట అతనికన్నా ముందే చేరింది. హసీనా ఫోను చేసింది. చచ్చిపోయే మనిషి చెప్పమన్న మాటను మార్చడానికి ఆమెకు మాత్రం నోరెలా వస్తుంది. సమాధి దగ్గర పాస్టరుగారు మట్టి వేసే ముందు చేతులెత్తి దేవుడికి స్తోత్రం చెప్పారు. మన తాతల కాలంలో ఒక దొర, మన కాలంలో ఒక దొర, అన్నారు. వెంటర్ పేరు పలకడం రాక 'ఎంటరు దొరగారు' అని పేరు పెట్టి, ఆయన ఆయురారోగ్యాల కోసం, ఆయన దేశం కోసం ప్రార్థన చేశారు. పల్లె అంతా "ఆమెన్" అంది. కూతురు తండ్రి భుజం మీద తల పెట్టి, "అమ్మ అదృష్టవంతురాలు నాయినా" అంది. పెద్దన్న కూడా "ఆమెన్" అన్నాడు. ఇన్ని గుండెల్లో ఒకేసారి రాయి వేసే ధైర్యం అతనికి లేదు. ఉన్నా వేసేవాడు కాదు.

బయలుదేరేటప్పుడు పల్లెవాళ్ళు చందా వేసుకుని కొన్న శాలువా ఒకటి అతని పెట్టెలో పెట్టారు. దొరగారికి మన పల్లె తరఫున కప్పమన్నారు. కూతురు మాత్రం, "ఇంక ఆడికి ఎందుకు పోతావ్ నాయినా, నా దగ్గరుండు" అని బతిమాలింది.

"మీ అమ్మకు మాటిచ్చినా" అన్నాడు.

దోహాకు తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే కారు తుడిచి గేటు దగ్గర నిలబెట్టాడు. దొర వచ్చి, అతని చేయి పట్టుకుని పలకరించి, వెనక సీట్లో కూర్చున్నాడు. పెద్దన్న శాలువా పొట్లం ఆయన చేతికిచ్చాడు. ఇవ్వకుండా ఎక్కడైనా పారేద్దామని దారి పొడుగునా అనుకున్నాడు. పల్లె సొమ్ము పారేయడానికి చేతులు రాలేదు.

"ఇది ఎందుకు పీటర్?" అన్నాడు దొర, విప్పి చూసి.

పెద్దన్న కారు కదిలించాడు. ముందుకు చూస్తూనే చెప్పాడు. "మా పల్లె మీ కోసం ప్రార్థన చేసింది సార్. నా భార్యకు మీరు బల్ల ఇచ్చారని."

"నేనివ్వలేదే."

"ఇవ్వలేదు సార్. నేనిచ్చాను. మీ పేరు చెప్పి ఇచ్చాను. మీరు తాగిన గ్లాసులోదే అని చెప్పాను. లేకపోతే ఆమె ప్రాణం నెమ్మదిగా పోయేది కాదు."

పెద్దన్న అద్దంలో చూశాడు. దొర మొహం ఎర్రబడింది. కళ్ళు తడిశాయి కూడా. ఆ తడి చూసి పెద్దన్నకు, ఇంత జరిగాక కూడా, ఒక చిన్న ఆశ కలిగింది. ఆయన ఒక మాట అంటాడనుకున్నాడు. ఏ మాటో అతనికే తెలియదు. ఆ మాట కోసం బండి ఇంకా నెమ్మదిగా నడిపాడు.

రౌండెబౌట్ దాటాక దొర శాలువా మడతపెట్టి, చేయి చాచి, ముందు సీట్లో పెట్టాడు.

"ఇది నువ్వే ఉంచుకో" అన్నాడు. కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "శుక్రవారం మా వాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ దగ్గర ఈ మాట అనకు పీటర్. నేను నిజంగానే ఇచ్చాననుకుంటారు" అన్నాడు.

"అనను సార్" అన్నాడు పెద్దన్న.

శవపేటిక దగ్గర, సమాధి దగ్గర రాని ఏడుపు అప్పుడొచ్చింది. రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి కాబట్టి కళ్ళు భుజానికి తుడుచుకున్నాడు. దొర దోహాలో మరో మూడేళ్ళు ఉన్నాడు. ఆ మూడేళ్ళూ పెద్దన్న ఆయన దగ్గరే ఉన్నాడు. ప్రతి శుక్రవారం గేటు తీసి, వచ్చిన వాళ్ళందరికీ కారు తలుపులు పట్టుకున్నాడు.